ఎడమ చేతి చూపుడు వేలు

పచ్చి టమాటా కోసి రుద్దుతున్నా.
మూడు రోజుల్నించీ ఇదే పని,
పొద్దుగూకి కంపెనీ నించి రాగానే
బట్టలుతికే బండ మీద కూర్చుని.

పొగాకు పసరు అంత తేలిగ్గా వదలదు.
పదకొండో ఏట ఆకు గుచ్చే కర్ర పట్టా.
అప్పుడు పట్టిన నలుపు
గోరు మొదట్లో అట్నే ఉంది.
పెళ్లిలో గోరింటాకు కూడా
దాని మీదే పెట్టారు, పండలా.

క్రితం ఎలక్షన్లప్పుడు
టంగుటూరు బళ్లో, ఆరో తరగతి గదిలో,
ఏజెంటు కుర్రాడు నా వేలు చూసి నవ్వాడు.
"చూడండి సార్, నల్లగానే ఉంది,
వేసేసి మళ్లీ వచ్చింది!"
లిస్టులో నా పేరు మీద అప్పటికే గీత.
ఆఫీసరు తలెత్తలేదు.
"నీ ఓటు పడిపోయిందమ్మా, వెళ్లు."

వచ్చేశా.
వరసలో నా వెనకున్నోళ్లు పక్కకి జరిగారు,
నాకేదో అంటుకున్నట్టు.
పసరుకీ సిరాకీ తేడా చెప్పే మాట
ఆ రోజు నా నోట్లో లేదు.

మొన్న చలికాలంలో అంగన్‌వాడీ రమీజాబీ
లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతా
మా గుమ్మం కాడ ఆగింది.
"దార్ల ఎలీషా ఎవరు? పురుషుడు, అరవై ఒకటి."
మా ఇంట్లో ఆ పేరుగల మగోడు లేడు.
దార్ల ఎలీశమ్మని నేను, నలభై ఎనిమిది.
ఇద్దరం నవ్వుకున్నాం.
తర్వాత నాకు నవ్వు ఆగిపోయింది.
నా బదులు వేసినోడికి
చీర కట్టాల్సిన పని కూడా పడలేదన్న మాట.

ఎనిమిదో నంబరు ఫారం అంట.
పేరుకి, వయసుకి, ఆడో మగో దానికి,
అన్నిటికీ అదొక్కటే.
జాబ్ కార్డు చూపించినా సరిపోద్దంట గుర్తుకి,
ఉత్త స్లిప్పు సరిపోదంట.
మూసేయాళకి వరసలో నిలబడుంటే చాలు,
ఎంత చీకటి పడ్డా పంపించకూడదంట.
ఆ రోజు కూలి కొయ్యకూడదంట కంపెనీ.
ఈ మాట విని మేస్త్రి మాలకొండయ్య
తుమ్ము రానోడిలా మొహం పెట్టాడు.

"మళ్లీ ఎవడన్నా ముందే వేసేస్తే?"
అడిగా.
"టెండరు ఓటు అడుగు. కాగితం మీద ఇస్తారు,
కవర్లో పెట్టి దాస్తారు."
"లెక్కేస్తారా?"
రమీజాబీ అబద్ధం చెప్పే మనిషి కాదు.
"మామూలుగా వెయ్యరు.
కానీ నువ్వొచ్చావని రాసి ఉంటది గదా."

ఆ మాట పట్టుకుని నాలుగు నెల్లు
ఆకులు ఏరా.
పండాకు ఇటు, మాడినాకు అటు,
రాసి ఉంటది గదా, రాసి ఉంటది గదా.

సాయంత్రం కవరొకటి వచ్చింది.
లోపల ఎంతుందో విప్పలేదు.
తీసుకుంటే నేరమని రమీజాబీ,
తిప్పి పంపితే గుర్తుపెట్టుకుంటారని మా చెల్లెలు.
బండ పక్కనే ఉంది, టమాటా తొక్కల కాడ.
తెల్లారి ఏం చేస్తానో తెలియదు.
దాని మీద మాత్రం చెయ్యి పెట్టలేదు,
తడి వేలు.

ఇంకో టమాటా. కాస్త ఉప్పు.
అవసరం లేదంది రమీజాబీ,
"నీ వేలు నల్లగుంటే నీ హక్కు పోదే పిచ్చిదానా,
దీపం కింద పెట్టి చూడమను, సిరా వేరు."
తెలుసు.
అయినా రుద్దుతున్నా.
చర్మం ఊడి, ఎలక పిల్లలా
ఎర్రగా, ఏదో కొత్తది బయటపడింది.
ఈ రంగు వేలు నాకుందని
నాకే తెలియదు.
కాసేపు ఎవరిదో అనుకుని చూశా.

మీట నొక్కినాక అద్దంలో చీటీ కనపడద్దంట,
ఏడు లెక్కపెట్టిందాకా.
తొందరపడి వచ్చెయ్యొద్దంది.
నలుగురూ నిద్రపోయాక
గోడకి వేలు ఆనించి నొక్కా.
ఒకటి. రెండు.
బల్లి కదిలింది.
మూడు, నాలుగు.
వేలు మండుతా ఉంది ఉప్పుకి.
అయిదు.
ఇంతసేపు నన్నెవరూ ఆగమన్లేదు ఎప్పుడూ.
ఆరు.